పచ్చికకు పెద్దపీట

పోర్చుగల్ దక్షిణపు అంచున అల్గార్వ్ అని ఒక సముద్రతీరం ఉంది. ఏడాదికి మూడొందల రోజులు ఎండ కాస్తుందని బ్రోచర్లు అచ్చేసి పంచుకునే ప్రాంతం. అదే ఎండ అనంతపురంలో కాస్తే కరువు పరిశీలన బృందాలు దిగుతాయి. అక్కడ కాస్తే విమానాలు దిగుతాయి. 1965లో అక్కడి ఫారోలో విమానాశ్రయం తెరిచారు. ఆనాటి నుంచి చలికి ముడుచుకుపోయిన ఇంగ్లీషువాళ్ళు గోల్ఫ్ కర్రల సంచులు భుజాన వేసుకుని దిగుతూనే ఉన్నారు. వేసవంతా చినుకు రాలని ఆ తీరం పొడుగునా ఇప్పుడు నలభై దాకా గోల్ఫ్ మైదానాలున్నాయి. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె తప్పనిసరి అని మనవాళ్ళు ఊరికే అన్నారా!

లండన్‌లో ఉండే మా బావమరిది తన యాభయ్యో పుట్టినరోజు పేరు చెప్పి మమ్మల్ని అలాంటి మైదానమున్న ఒక రిసార్టులో దింపాడు. “ఇదొక లైఫ్‌స్టైల్ బావా, రెండ్రోజుల్లో నువ్వే ఒప్పుకుంటావు” అన్నాడు. ఆ లైఫ్‌స్టైల్ ఏమిటంటే, నాలుగు గంటలు ఎండలో తిరిగి (తిరిగేది కూడా బగ్గీలో కూర్చునే), 108 మిల్లీమీటర్ల వెడల్పున్న కన్నంలో బంతి పడేసి, పక్క కన్నానికి వెళ్ళడం. అలా పద్దెనిమిది కన్నాలు. మన ఊళ్ళో పిల్లలు ఇదే పని గోళీలతో చేస్తే పుస్తకం తియ్యమని వీపు మీద ఒకటేస్తాం. ఇక్కడ పేరున్న మైదానంలో ఒక్క పూట ఆడనివ్వడానికి రెండొందల యూరోల పైమాటే. కాలరు లేని చొక్కాతో వస్తే ఆ డబ్బు ఇస్తానన్నా లోపలికి పోనివ్వరు.

స్నానాల గదిలో ముచ్చటైన అట్టముక్క ఒకటి వేలాడదీశారు. నీరు అమూల్యమట. తువ్వాలు రెండోసారి వాడుకుంటే భూగోళాన్ని కాపాడినవాణ్ణవుతానట. చిన్నప్పటి నుంచి ఒక్క తువ్వాలుతో వారం గడిపిన కుటుంబం మాది. భూగోళానికి ఇంత సేవ చేశామని ఎవరూ చెప్పలేదు. సరే, పుణ్యం మూటగట్టుకుందామని తడి తువ్వాలు బాల్కనీలో ఆరేస్తూ కిందికి చూశాను. తెల్లవారుజామున ఐదు గంటలు. కనుచూపు మేర స్ప్రింక్లర్లు టకటకమంటూ తిరుగుతున్నాయి. గడ్డి తడిసింది, సిమెంటు బాట తడిసింది, బాట మీద ఆగి ఉన్న బగ్గీ కూడా తడిసింది. నా తువ్వాలు మిగిల్చిన నీళ్ళు ఏ స్ప్రింక్లరుకు అందాయో పోల్చుకోలేకపోయాను.

గడ్డిలో కులాలున్నాయని కూడా అక్కడే తెలిసింది. బంతి తప్పిపోయే చోట ఏపుగా పెరిగింది అంటరాని గడ్డి. నడిచే దారిలోది మధ్యతరగతి. కన్నం చుట్టూ ఉన్నది మాత్రం అగ్రకులం; దాన్ని గ్రీన్ అంటారు. మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి పెరగనివ్వరు. రోజూ గుండు కొట్టిస్తారు. అంత పొట్టిగా కత్తిరించిన గడ్డికి వేరు లోతుకు దిగదు, ఎండకు ఓర్చుకోలేదు, తెగుళ్ళు తొందరగా అంటుకుంటాయి. అందుకని నీళ్ళు, మందులు, ఎరువులు, మళ్ళీ గుండు. ఆవు మేయదు, మేక కొరకదు.

ఇసుక గుంతల్ని దువ్వెనలాంటి పళ్ళ కర్రతో సాపు చేస్తున్న నేపాలీ కుర్రాడితో నాకొచ్చిన హిందీలో మాట కలిపాను. తను ఉండేది దూరంగా, నలుగురు ఒకే గదిలో. ఊళ్ళో అద్దెలు అందవట. అందకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. 2012లో పోర్చుగల్ గోల్డెన్ వీసా పెట్టింది. ఐదు లక్షల యూరోల ఆస్తి కొన్న పరదేశి దొరగారికి నివాస హక్కు రాసిచ్చేది. దేశమంతటా ఇళ్ళ ధరలు చుక్కలంటాక, 2023లో ఆస్తి కొనుగోలు దారి మూసేశారు. దొరగారి విల్లా పదకొండు నెలలు తాళం వేసి ఉంటుంది. తాళం వేసిన విల్లా ముందున్న పచ్చికకు మాత్రం నీళ్ళు ఒక్కరోజు తప్పవు.

ఇక అసలు కథ. ఈ తీరంలో గోల్ఫ్‌కు అంకురార్పణ జరిగింది 1966లో, పెనీనా అనే చోట. మైదానం గీసింది హెన్రీ కాటన్, బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు గెలిచిన మొనగాడు. ఆయన చేతికిచ్చిన భూమి ఏమిటో తెలుసా? వరిమడి. అవును, నీళ్ళు నిలిచే, కాలు పెడితే దిగబడే అచ్చమైన వరిమడి. బంతి దొర్లాలంటే నేల ఆరాలి కదా. అందుకని నేలలోని తేమ పీల్చడానికి జామాయిల్ మొక్కలు వేలకు వేలు నాటించాడు. జామాయిల్ తోట పక్కన పొలం ఉన్న రైతు ఎవరైనా సరే, ఆ చెట్టు నీళ్ళెలా తాగుతుందో గోడు వెళ్ళబోసుకుంటాడు. కాటన్ దొర ఆ గోడునే ఇంజనీరింగ్‌గా మార్చుకున్నాడు. (మన గోదావరి డెల్టాలో వరి పచ్చగా ఉండటానికి ఆనకట్ట కట్టించిన కాటన్ వేరు. ఈయన వరి ఎండగట్టిన కాటన్.) ఆయన కర్రల సంచి మోయడానికి పసిఫికో అనే గాడిద ఉండేది. ఆ మైదానంలో తిరిగినవాళ్ళలో, ఆ గడ్డి తిండికి పనికొస్తుందని ఆలోచించగలిగింది బహుశా అదొక్కటే.

నీళ్ళున్న చోట నీళ్ళు తోడేసి గోల్ఫ్ పెట్టారు. అరవై ఏళ్ళు తిరక్కుండానే, నీళ్ళు లేని చోటికి నీళ్ళు తోలి గోల్ఫ్ కాపాడుకుంటున్నారు. 2024 ఆరంభంలో అల్గార్వ్ జలాశయాలు అడుగంటాయి. ఫిబ్రవరిలో ప్రభుత్వం నీటికోత ప్రకటించింది. రైతులకు 25 శాతం. పట్టణాలకు, వాటితోపాటు పర్యాటకానికి 15 శాతం. అంటే నారింజ తోటకు నాలుగోవంతు ఉపవాసం, ఈతకొలనుకు ఏకాదశి ఒక్కపొద్దు. రైతులు గొడవ చేశారు, ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, వానలు పడ్డాయి, కోతలు సడలాయి. అలా సమస్య పరిష్కారమైంది, వచ్చే కరువు దాకా.

గోల్ఫ్ పక్షం వాదన కూడా వినాలి, మా బావమరిది మూడు పూటలా వినిపించాడు. ఆ ప్రాంతంలో సగం పైగా నీళ్ళు వాడేది వ్యవసాయమే, మైదానాల వాటా పదోవంతు కూడా ఉండదు. నిజమే. కొన్ని మైదానాలు శుద్ధి చేసిన మురుగునీటికి మళ్ళాయి. అదీ నిజమే, అన్నీ మళ్ళితే అభ్యంతరం పెట్టేవాడు ఉండడు. పైగా అక్కడి రైతుల్లో కొందరు నారింజ మానేసి అవకాడో వేస్తున్నారు. దాని దాహం జగమెరిగినదే, కాయల్లో ఎక్కువ భాగం పరదేశాలకు పోయేవే. అవకాడోను నేనూ వెనకేసుకు రాను. అది చెట్టుకు కాసిన గోల్ఫ్ బంతి. కానీ ఒక తేడా ఉంది. నీళ్ళు పోయినా దాన్ని ఎవరో ఒకరు తింటారు.

ఫ్రాన్స్‌వాళ్ళకు ఈ ఓపిక లేదు. 2022 వేసవిలో జనం మొక్కలకు నీళ్ళు పోసుకోవడం మీద ఆంక్షలు పెట్టి, గోల్ఫ్ గ్రీన్లకు మినహాయింపు ఇచ్చారు. దాంతో టూలూజ్ దగ్గర రెండు మైదానాల్లో కన్నాలను ఎవరో సిమెంటుతో పూడ్చేసి పోయారు. రాత్రికి రాత్రి, టెండరు లేకుండా, బిల్లు పెట్టకుండా గుంతలు పూడ్చినవాళ్ళను పోలీసులు వెతుకుతున్నారని చదివి, మా మునిసిపాలిటీ తరఫున సన్మానం చేయాలనిపించింది.

ఆఖరి రోజు బావమరిది కొట్టిన బంతులు వరసగా కొలనులో పడ్డాయి. తడిసిన నేల కాబట్టి జారిందన్నాడు. భోజనాల దగ్గర ఫోను తీసి, హైదరాబాద్ శివార్లలో కొత్తగా కడుతున్న విల్లాల బొమ్మలు చూపించాడు.

“చూడు బావా, గోల్ఫ్ వ్యూ. లండన్‌లో ఇల్లు అమ్మేసి వచ్చేద్దామనుకుంటున్నా.”

“బోరు ఎన్ని అడుగుల్లో పడిందో కనుక్కున్నావా?”

“పన్నెండొందలు వేశారట, పడలేదట. అయినా ట్యాంకర్లున్నాయి కదా!”