నాల్గు గెలుపుల పద్యము: టీకాతాత్పర్య సహితము

నాల్గు పోరులందు నాల్గు గెల్చితిమయ
గంతులేయవలదు, కాలమింకఁ
గలదు; తెల్లమగునుఁ గడపటి మాసాన;
ఐన మనదె గాదె యబ్దమిదియు?

అవతారిక

పై ఆటవెలది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున, సెయింట్ కిల్డా ఫుట్‌బాల్ క్లబ్బును ఇంటిదైవమువలె కొలుచు నొక సామాన్యాభిమాని హృదయమునుండి, ఆ జట్టు 2023వ సంవత్సరపు తొలి నాలుగు పోరులను వరుసగా గెలిచి పదునెనిమిది జట్ల పట్టికలో అగ్రపీఠ మలంకరించిన ఏప్రిల్ మాసపు శుభఘడియలలో వెలువడినది. భావ మాతనిది, గణములును యతియు మాత్రము ఈ వ్యాఖ్యాత కూర్చినవి. కవి పలుకునాటికి ఆ యేటి కథ పంచమాంశమైనను జరుగలేదు. వ్యాఖ్యాత వ్రాయునాటికి సమస్తము జరిగిపోయినది. వ్యాఖ్యాతలందఱును ఈ అన్యాయపు సౌకర్యము ననుభవించియే పాండిత్యము ప్రకటించినవారు గనుక ఇందుకు నేను ప్రత్యేకముగా సిగ్గుపడ నక్కఱలేదు.

క్రీడాస్వరూప మెఱుగని పాఠకునికొఱకు రెండు మాటలు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అనునది కోలగానుండు బంతితో, కోలగానుండు మైదానమున, వైపునకు పదునెనిమిది మంది చొప్పున ఆడు ఆట. మైదానపు ఇరుకొనలను నాలుగేసి స్తంభములు నాటబడియుండును. నడిమి రెంటి నడుమగా బంతిని తన్నినచో గోలు, దాని విలువ ఆరు పాయింట్లు. పక్క సందులలో దేనినుండి పోయినను బిహైండ్, దాని విలువ ఒకటి. గురి తప్పినవానిని సైతము రిక్తహస్తములతో పంపని ఈ దాతృత్వము ఇతర క్రీడలయందు మిక్కిలి అరుదు. ఈ ఒంటి పాయింటును పాఠకుడు జ్ఞాపకముంచుకొనవలెను. సెయింట్ కిల్డా పురాణమంతయు దీనిచుట్టునే పరిభ్రమించును.

ప్రతిపదార్థము

అయ = ఓ పొరుగువాడా; నాల్గు పోరులందు = మార్చి నడుమ మొదలుకొని ఏప్రిల్ 8 వఱకు జరిగిన నాలుగు ఆటలలోను; నాల్గు = ఒక్కటియైన వదలక అన్నిటిని; గెల్చితిమి = జయించితిమి; గంతులు + ఏయ వలదు = తొందరపడి సంతోషింపరాదు; కాలము + ఇంకన్ + కలదు = ఇంకను పందొమ్మిది పోరులు మిగిలియున్నవి; కడపటి మాసానన్ = సెప్టెంబరునందు; తెల్లము + అగును = నిజము బయటపడును; ఐనన్ = ఇంత చెప్పినను; ఈ అబ్దము = ఈ సంవత్సరము; మనదె కాదె = మనది కాకపోవునా?

తాత్పర్యము

ఆడిన నాలుగింటను గెలిచితిమి, అంతమాత్రమున మురియరాదు, ఏడాది చాల మిగిలియున్నది, సెప్టెంబరు వచ్చినగాని ఎవరి సత్త యెంతయో తేలదు, అయినను ఈ యేడు కప్పు మనదేనని లోలోపల నాకు తోచుచున్నది, ఈ మాట నే నన్నట్లు ఎవరితోను అనకుము అని భావము.

విశేషములు

"నాల్గు పోరులందు." ఆ నాలుగును క్రమముగా ఫ్రీమాంటిల్, వెస్టర్న్ బుల్‌డాగ్స్, ఎసెండన్, గోల్డ్ కోస్ట్ జట్లపై సాధించిన విజయములు. రెండవదియు నాలుగవదియు యాబదికి మించిన పాయింట్ల తేడాతో వచ్చినవి. మొదటిదాని రసము వేఱు. శిక్షకుడు రాస్ లయన్ 2009, 2010 సంవత్సరములలో ఈ జట్టును తుదిపోరునకు కొనిపోయి, 2011 చివర దానిని విడిచి ఫ్రీమాంటిల్‌కు వెడలిపోయి, అచ్చట నెనిమిదేండ్లు గడపి, ఆ కొలువు పోయిన కొంతకాలమునకు 2022 అక్టోబరులో మరల సెయింట్ కిల్డా గడప త్రొక్కినవాడు. అట్టివాని పునరాగమనపు తొలి పోరునకు ఎదురునిలిచినది ఆ ఫ్రీమాంటిలే. ఆటల క్రమము నిర్ణయించువారికి నాటకాలంకార శాస్త్రపరిచయము లేదని ఎవ్వరు చెప్పగలరు? అభిమాని యాతడు విడిచిపోయిన నాటి కోపమును పదునొకండేండ్లు భద్రపఱచి, మొదటి గెలుపు సైరన్ మ్రోగినతోడనే ఎచ్చటనో పాఱవైచికొన్నాడు.

"గెల్చితిమి." ఉత్తమపురుష బహువచనము. బంతిని ముట్టని వాడు, మెడకు ఎఱుపు తెలుపు నలుపు చారల మఫ్లరు చుట్టుకొని మెట్లపై కూర్చుండి 'పై' అను తినుబండారము తిన్నవాడు, గెల్చితిమి అనుటకు కర్తృత్వ మెక్కడిది అని వైయాకరణుడు ప్రశ్నించును. తక్కిన క్లబ్బుల అభిమానులు గెలిచినపుడు 'గెల్చితిమి' అనియు ఓడినపుడు 'ఓడిరి' అనియు పురుషను మార్చుకొనుట లోకమున నెఱిగినదే. సెయింట్ కిల్డావా డట్లు చేయడు. 1897లో విక్టోరియా లీగు తొలి పోరులు ఆరంభమైనపుడే అందున్న ఈ క్లబ్బు మొదటి మూడేండ్లలో ఆడిన 48 పోరులను వరుసగా ఓడెను. అన్ని పర్యాయములు 'ఓడిరి' అనుచు పోయిన చెప్పుకొనుటకు తనదంటూ జట్టే మిగులదని తాతలు గ్రహించి, ఓటమియందును ఉత్తమపురుషనే స్థిరపఱచిరి. అందుచే ఈ 'గెల్చితిమి' హక్కుభుక్తమైన ప్రయోగము. ఆ తాతలకు తొలి గెలుపు 1900లో మెల్‌బోర్న్ జట్టుపై లభించినది. అదియును మైదానమున సరిసమానముగా ముగిసిన ఆటపై ఫిర్యాదు చేయగా, ప్రత్యర్థి ఖాతాలోని ఒక పాయింటు చెల్లదని తరువాత తీర్పు వచ్చుటచేత. ఒంటి పాయింటు ఇట్లు ప్రథమాధ్యాయముననే ప్రవేశించినది.

"గంతులేయవలదు." ఇది కవి ప్రతిభకు ప్రాణస్థానము. నాలుగు గెలిచినవాడు గంతులేయుట సహజధర్మము. వలదని తన్ను తాను వారించుకొనుటకు కారణము వెలుపల లేదు, జ్ఞాపకములో నున్నది. క్రిందటి యేడు, అనగా 2022లో, ఇదే జట్టు తొలి పదునొకండు పోరులలో ఎనిమిది గెలిచినది. నిర్వాహకులు మురిసి జూలైలో అప్పటి శిక్షకుడు బ్రెట్ రాటన్ ఒప్పందమును రెండేండ్లు పొడిగించిరి. పిమ్మట పదునొకండింట మూడు మాత్రమే గెలిచి జట్టు పదవ స్థానమునకు జాఱినది. అక్టోబరులో ఆ పొడిగించినవారే రాటన్‌ను సాగనంపిరి. గంతు వేయు దోషము అభిమానికి మాత్రమే ఉండునని తలచువారు ఈ వృత్తాంతమును మననము చేయుదురు గాక.

అయితే 2022 చిన్నగాయము. 2009 సంగతి వేఱు. ఆ యేడు సెయింట్ కిల్డా తొలి పందొమ్మిది పోరులను గెలిచినది. నాలుగు కాదు, పందొమ్మిది. మార్చినుండి ఆగస్టు వఱకు ఓటమి యన నెట్టిదో తెలియక తిరిగిన ఆ జట్టు పట్టికలో ప్రథమస్థానముతో లీగు దశను ముగించి, సెప్టెంబరు చివరి శనివారమున, మన క్రికెట్ ప్రేమికు లెఱిగిన ఆ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే, గీలాంగ్ చేత పండ్రెండు పాయింట్ల తేడాతో ఓడినది. ఆ యాటలో వీరు తొమ్మిది గోల్సును పదునాలుగు బిహైండ్లును కొట్టిరి. లెక్కించి చూడుడు: పదునాలుగు మారులు గురి తప్పిరి, పదునాలుగు మారులు ఓదార్పు పాయింటు పొందిరి, అందు రెండు తన్నులు నడిమిసందున పోయి, ఇంకొకటి కూడ పోయియుండిన చాలునని ప్రతి అభిమానియు నిద్రపట్టని రాత్రులలో గణితము చేయుచుండును. గోలునకు బిహైండ్‌నకు భేదము అయిదు గనుక మూడు సరియైన తన్నులకు పదునైదు, కావలసినది పదుమూడు. ఈ గణితము వచ్చినవానికి ఏప్రిల్ మాసపు నాలుగు గెలుపులు పట్టికపై వ్రాసిన వ్రాతగా కాక, అప్పుపత్రముపై వ్రాసిన వ్రాతగా కనబడుటలో ఆశ్చర్యమేమి?

"కాలమింకఁ గలదు." కాలము మిగిలియుండుట గెలిచినవానికి శాపము, ఓడినవానికి వరము. 1975లో నార్త్ మెల్‌బోర్న్ మొదటి నాలుగు పోరులను ఓడి ఆ యేడే తన ప్రథమ ప్రీమియర్‌షిప్, అనగా ఏటి కప్పును, గెలుచుకొనెను. 2024లో బ్రిస్బేన్ తొలి మూడింటను ఓడి, సెప్టెంబరు చివర సిడ్నీని అఱువది పాయింట్ల తేడాతో మట్టికఱపించెను. 2022లో మెల్‌బోర్న్ వరుసగా పది గెలిచి, ఫైనల్స్ దశలో ఆడిన రెండును ఓడి ఇంటికి పోయెను. ఈ ఉదాహరణములను బట్టి తొలి మాసపు ఫలితములు దేనికిని ప్రమాణము కావని తార్కికులు తేల్తురు. పూర్తిగా నే నంగీకరింపను. ఆ నాలుగు పోరులలో ప్రధానముగా గోల్సు కొట్టు మాక్స్ కింగ్ భుజపు శస్త్రచికిత్స చేయించుకొని బయట కూర్చుండెను. నాయకుడు జాక్ స్టీల్ రెండవ పోరులో కంటెయెముక విఱుగగొట్టుకొనెను. అయినను మిచ్ ఓవెన్స్, మాటేయస్ ఫిలిపౌ వంటి పసివాండ్రతోను, క్యాలమ్ విల్కీ కాచిన వెనుకకోటతోను జట్టు ప్రత్యర్థులను గోలుచాయలకు రానీయకుండ నిలిచెను. అది గాలివాటపు గెలుపు కాదు. రాస్ లయన్ శిష్యులు ఎదుటివానిని ఆడనీయకుండుటలో నేర్పరులు. తాము ఆడుట యనునది రెండవ పాఠము, అది ఆ యేడు పూర్తికాలేదు.

"కడపటి మాసాన." సంవత్సరమునకు కడపటి మాసము డిసెంబరు కదా అని శంకింపరాదు. మెల్‌బోర్న్ పంచాంగమున ఏడాది మార్చిలో ఆరంభమై సెప్టెంబరు చివరి శనివారముతో ముగియును; తరువాతిది శూన్యమాసముల వరుస.

"ఐన." మొదటి మూడు పాదములలో నిగ్రహము బోధించి నాలుగవ పాదమున దానిని తానే త్రోసిపుచ్చుటచే పద్యమునకు పూర్వాపరవిరోధ దోషము పట్టినదని పూర్వపక్షము. ఈ యాక్షేపణ చేయువారు ఏకైక కప్పు గల క్లబ్బును ఎన్నడును ప్రేమించినవారు కారు. 1873లో పుట్టి, 2023లో నూట యేబదవ యేడు జరుపుకొన్న ఈ సంస్థకు దక్కిన ప్రీమియర్‌షిప్ ఒక్కటే. అదియు 1966 సెప్టెంబరు 24న, కాలింగ్‌వుడ్‌పై, 74 పాయింట్లకు 73. చివరి నిమిషములలో బ్యారీ బ్రీన్ తన్నిన బంతి తడబడుచు దొర్లుచు పోయి బిహైండ్ అయినది. ఆ తప్పిన గురియే కిరీటము. ఆనాడు పుట్టిన శిశువునకు మన కవి పద్యము చెప్పునాటికి 56 ఏండ్లు. పిమ్మట 2010 తుదిపోరున మరల కాలింగ్‌వుడ్ ఎదుటనే, ఒక పాయింటు వెనుకబడియున్న వేళ, లెన్నీ హేస్ దూరమునుండి తన్నిన బంతి స్టీఫెన్ మిల్న్ చేతికి వచ్చునట్లే వచ్చి, కోలబంతి గనుక తనకు తోచినవైపునకు ఎగిరి, బిహైండ్ రేఖ దాటినది. 68కి 68. సమానము! వారము గడచి మరల ఆడిన ఆటలో ఓటమి, తేడా 56. ఒకప్పుడు కిరీటమిచ్చిన ఆ ఒంటి పాయింటే మఱొకప్పుడు కిరీటమును వారమునకు వాయిదావేసి పిదప పోగొట్టినది.

ఇంతటి చరిత్ర గలవాడు గెలుపును చూచి నవ్వలేడు, ఏడ్వలేడు. జట్టు మొదటి నాలుగు ఓడియుండిన నతనికి ఎంత సుఖము! శనివారములు తోటపనికి చిక్కును, ఇంటివారితో మాట పెరుగును, శిక్షకుని తిట్టుట యను నిరపాయమైన వినోద ముండును. గెలుపు ఆ శాంతిని హరించినది. అందుచే ఈ పద్యమున అంగిరసము వీరమని చెప్పు వ్యాఖ్యాతల మతము త్రోసివేయదగినది. స్థాయీభావము భయము, రసము భయానకము, ఆలంబనము ఆశ. 'ఐన' అను రెండక్షరములు లేనిచో పద్యము నీతిశతకమున చేరదగిన నీరసోపదేశమై యుండెడిది. పురోహితుడు వలదన్న ముహూర్తమునకే పెండ్లి చేయువాడు దోషము నెఱుగనివాడు కాడు, పిల్లవాని నెఱిగినవాడు.

తరువాతి కథ సంగ్రహముగా. ఏప్రిల్ 16న అడిలైడ్ ఓవల్‌లో అయిదవ పోరు, ప్రత్యర్థి కాలింగ్‌వుడ్, ఓటమి ఆరు పాయింట్లతో, అనగా ఒక్క గోలుతో. ఏడాది చివరకు పదుమూడు గెలుపులు, పది ఓటములు, ఆఱవ స్థానము. ఫైనల్స్ తొలి వారముననే గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ చేతిలో 24 పాయింట్ల ఓటమి. పద్యమున మూడవ పాదము అక్షరాల నెఱవేరినది.

పాఠాంతరము

నాలుగవ పాదమునకు మెల్‌బోర్న్ నగరపు ఈశాన్య భాగమున, నలుపు తెలుపు చారలవారి యిండ్లలో, "ఐన వారిదె గద యబ్దమిదియు" అను పాఠము ప్రచారమున నున్నది. వారనగా తామేయని ఆ చారలవారి అభిప్రాయము. ఇది కాలింగ్‌వుడ్ పక్షపాతులు చొప్పించిన ప్రక్షిప్తమని శైలినిబట్టియే తెలియుచున్నది. వినయమన్నది ఇసుమంతయు లేదు. అయితే శాస్త్రదృష్టితో పరిశీలింపగా అయిదు సూర్యగణములును సరిగనే యున్నవి, యతి తప్పలేదు. 2023 సెప్టెంబరు 30న కాలింగ్‌వుడ్ బ్రిస్బేన్‌ను నాలుగు పాయింట్లతో ఓడించి ప్రీమియర్‌షిప్ గైకొన్నది గనుక అర్థమునందును దోషము చూప వలనుపడదు. ఈ ప్రతిలో దానిని స్వీకరింపలేదు.