ఇంట్లో కూర్చునే కొండమీది సరస్సుకు ఎరువు వేయండి

అమెరికాలో కొలరాడో రాష్ట్రం, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు. అక్కడి లాక్ వేల్ లోయలో సరస్సుల నీళ్లు మరీ తేటగా ఉంటాయి. నాచు చాలదు, పచ్చదనం చాలదు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కొండ ఎక్కకుండానే ఆ లోటు తీర్చవచ్చు.

1. సరస్సును చూసి ఎంచుకోండి. కింద గ్రానైటు, పైన పలచటి మట్టి, చుట్టూ చెట్టూ చేమా తక్కువ ఉండాలి. అలాంటి చోట గాలిలో వచ్చిపడ్డ నత్రజనిని పీల్చుకునే దిక్కుండదు, నేరుగా నీళ్లలోకి దిగుతుంది. పల్లపు చెరువుల జోలికి పోకండి, శ్రమ దండగ.

2. పేడ ఎత్తకండి. కొండలకు తూర్పున మైదానంలో పెద్ద పెద్ద పశువుల దొడ్లున్నాయి. పేడా ఉచ్చా కలిసి నానితే నత్రజని అమోనియాగా దానంతటదే లేస్తుంది. యూరియా కూడా పైపైన చల్లి వదిలేయండి, మట్టిలో కలిపితే నడుం నొప్పి. ఇక ముహూర్తం: తూర్పుగాలి కొండకు ఎగబాకే రోజుల్లో పేడ కదపవద్దని రైతులకు ముందుగా కబురు పంపే ఏర్పాటు 2014 నుంచి ఉంది. ఆ మెసేజ్ రాగానే ట్రాక్టరు తీయండి. ఇంత కచ్చితమైన ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. ఎవరైనా అడిగితే ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, చూసుకోలేదు అనండి. పాటించి తీరాలన్న చట్టమేమీ లేదు.

3. పాల ప్యాకెట్టుకూ కారులోనే వెళ్లండి. ఇంజను ఆపకండి, పొగలోనూ నత్రజని పోతుంది.

4. లెక్కలకు బెదరకండి. వాన, మంచులతో హెక్టారుకు ఏడాదికి 1.5 కిలోల నత్రజని దాటకూడదని పార్కువాళ్లు తేల్చారు. 2006 నాటికే 3.1 కిలోలు పడుతుండేది. 45 కిలోల యూరియా బస్తాలోనే 20 కిలోల నత్రజని ఉంటుంది, మూడు కిలోలకే గగ్గోలా అని గట్టిగా అడగండి. తగ్గించడానికి 2007లో ఒప్పుకున్న గడువు 2032. అంత దూరం ఉండగా ఇప్పుడే లేవడం దేనికి?

5. చలికాలం పడుకోండి. మీరు పంపినదంతా మంచులో భద్రంగా జమవుతుంది, కరగగానే ఒక్క ఊపులో సరస్సులోకి దిగుతుంది. ఫలితం ఖాయం. అడుగు బురదను పొరలుపొరలుగా పరీక్షిస్తే, 1950ల నుంచి ఆస్టరియోనెల్లా ఫార్మోసా అనే డయాటమ్ (కంటికి ఆనని నాచు) పాతవాటిని తోసేసి బలిసినట్టు తేలింది. ఈమధ్య ఒడ్డు రాళ్లమీద పచ్చటి నాచు కూడా పట్టింది.

6. నింద దగ్గర తడబడకండి. కార్లవాళ్లు అడిగితే పశువులని చెప్పండి, రైతులు అడిగితే కార్లని చెప్పండి, ఇద్దరూ కలిసి వస్తే ఎండలు ముదిరాయనండి. మూడూ నిజమే కాబట్టి ఎవరూ కాదనలేరు.