గాలానికి టేకు పడితే

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట, మొన్న ఆదివారం తెల్లారకముందే ముగ్గురు కుర్రాళ్ళు గాలాలేసి నిలబడ్డారు. కొత్తవాళ్ళని చూడగానే తెలిసిపోయింది. మెరిసిపోయే రాడ్లు, పెట్టెనిండా రంగురంగుల ప్లాస్టిక్ ఎరలు. కాసేపటికి ఒకడి రాడ్డు విల్లులా వంగింది. అవస్థపడి లాగితే ఒడ్డుకొచ్చింది, అన్నం పళ్ళెమంత టేకు చేప. వాళ్ళు అనుకున్నది పండుగప్ప. ముగ్గురికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒకడు ఫోన్ తీశాడు. ఇంకొకడు తోక పట్టుకుని పైకెత్తబోయాడు.

"తోక ముట్టకు నాయనా!" అని నేనరిచిన అరుపుకి, అవతల వలలు కుట్టుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు.

టేకు తోక మీద ముల్లుంటుంది. రంపప్పళ్ళ ముల్లు, దానికి విషం. తనను తొక్కినవాణ్ణీ పట్టుకున్నవాణ్ణీ తోక విసిరి పొడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలీకుండా సముద్రం ఒడ్డున గాలం ఎలా వేస్తారు? పోనీ తెలీదు, అడగొచ్చు కదా! పది అడుగుల దూరంలో పుట్టినప్పట్నుంచీ ఈ నీళ్ళమీదే బతికిన జాలర్లున్నారు. వాళ్ళవైపు ఒక్కడూ చూడలేదు. నాకు కడుపు మండేది అక్కడే.

మా రోజుల్లో, అంటే డెబ్బైల్లో, మాకు రాడ్లెక్కడివి? చెక్కముక్కకి చుట్టిన నైలాన్ దారం, సీసం గుండు, ఎరకి రొయ్య. కానీ పక్కన మనిషుండేవాడు. నాకు నేర్పిన జాలరి పెద్దాయన్ని మావా అని పిలిచేవాణ్ణి. మొదటి నెలంతా ఆయన నా చేతికి దారమే ఇవ్వలేదు. "గాలమేసేది నువ్వే గానీ పడేదేదో నీ చేతుల్లో లేదురా అల్లుడా, ముందు విప్పడం నేర్చుకో" అన్నాడు. ఆయన పట్టిన ప్రతి చేపనీ గాలం నుంచి తప్పించడమే నెల్లాళ్ళూ నా పని.

జెల్ల సంగతి అలాగే తెలిసింది. దాని వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కల రెక్కలకీ చెరొకటి. బెదిరిందంటే మూడూ నిక్కబొడుచుకుని అలాగే బిగుసుకుపోతాయి. ఒకరోజు తొందరపడి వట్టి చేత్తో పట్టుకున్నాను, అరచేతిలో దిగింది. మోచేతి దాకా మంట. మావ నన్ను టీ కొట్టుకి లాక్కెళ్ళి, మగ్గులో వేడినీళ్ళు పోయించి, నా చెయ్యి అందులో ముంచి కూర్చోబెట్టాడు. ఓర్చుకోగలిగినంత వేడి, బొబ్బలెక్కేంత కాదు. చల్లారితే మళ్ళీ పోయించాడు. గంట తిరిగేసరికి ఊపిరి పీల్చుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక డాక్టరుగారు అదే మాటన్నారు: జెల్లకైనా టేకుకైనా వేడికి ఆ విషం బలం తగ్గుతుందట. ముల్లుముక్క లోపల విరిగి ఉండొచ్చు కాబట్టి ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళి తీరాలనీ చెప్పారు.

ఇప్పుడో? బంతిలా ఉబ్బే చేప పడితే, అది ఇంకా ఉబ్బాలని వేలితో పొడుస్తూ వీడియోలు తీస్తున్నారు. అది నీళ్ళలోనే ఉండి నీళ్ళు మింగి ఉబ్బితే ఒక తీరు. ఒడ్డున గాలి మింగిందంటే, తిరిగి వదిలినా ఆ గాలి పోక, మునగలేక తేలుతూ చచ్చిపోవచ్చు. ఇంటికి తీసుకెళ్ళి వండుకుంటామన్నవాళ్ళనీ చూశాను. దాని విషం ఎంత ఉడికించినా పోదు బాబూ, మనుషులు చచ్చిపోతారు.

మేమేదో ధర్మాత్ములమని చెప్పడం లేదు. ఆ రోజుల్లో టేకు పడితే ముందు తోక నరికేసేవాళ్ళం. తాబేళ్ళు గుడ్లు పెట్టిపోతే తవ్వి తెచ్చుకున్న ఇళ్ళూ ఉన్నాయి. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చినా మా ఒడ్డుకి ఆ కబురు చేరడానికి చాలా కాలం పట్టింది. అది తప్పే. ఇప్పుడు జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళ గుడ్లను కాపాడే కుర్రాళ్ళని చూస్తే నా మనసు నిండుతుంది. అంత తెలివున్న కాలంలో పుట్టి, చేతిలోని చేపని ప్రాణంతో ఎలా వదలాలో నేర్చుకోకపోతే ఎలా?

ఆ టేకుని అలల అంచుకి జరిపించాను. దగ్గరున్న తెడ్డుతో తోకని ఇసకకి అదిమిపట్టాను. గాలం లోతుగా మింగేసింది, లాగితే పేగులొస్తాయి. దారాన్ని నోటి దగ్గరే కోసేయమన్నాను. కోసిన కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. తెడ్డు తియ్యగానే టేకు రెక్కలాడించి, ఒక అల వెనక్కి వెళ్తుంటే దాంతోపాటే జారిపోయింది.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామన్నారు. పటకారు, మందపాటి గుడ్డ, ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకోమన్నాను. రాడ్లు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నాను.