అరుదైన మహాసభకు జేజేలు

పాథాలజిస్టుల వార్షిక మహాసభా, నీకు జేజేలు! పొద్దస్తమానం మైక్రోస్కోపు మీదికి వంగి మెడలు పట్టేసిన మమ్మల్ని ఏడాదికొకసారైనా తలెత్తుకునేలా చేస్తావు. తలెత్తితే గానీ నీ వేదిక మీది పూలదండలు, ఎల్‌ఈడీ తెర, స్పాన్సర్ల లోగోలు కనబడవు మరి.

ముందుగా నీ సమయపాలనను పొగడాలి. తొమ్మిదింటి ప్రారంభోత్సవం పదిన్నరకు మొదలైతే అందులో నీ తప్పేముంది? ముఖ్య అతిథి రావాలి, జ్యోతి వెలగాలి, ఏసీ గాలికి ఆరిపోవాలి, మళ్ళీ వెలగాలి. ఆపైన శాలువాలు, జ్ఞాపికలు. కప్పినవారు కప్పించుకోవాలి, కప్పించుకున్నవారు కప్పాలి. ఇంత ఘనకార్యానికి ఖర్చయిన గంటన్నర కోసం నువ్వు ఎవరినీ దేబిరించవు. పీజీ పిల్లల ఎనిమిది నిమిషాల ప్రసంగాల్లోంచి తలా మూడు నిమిషాలు కోసి సర్దేస్తావు. మైక్రోటోము మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన ముక్క కోసే చెయ్యి కూడా నీ అంత ఒడుపుగా కోయలేదు. అలా కోసే ల్యాబ్ టెక్నీషియన్‌ను నువ్వు ఎన్నడూ వేదికెక్కించి ఇబ్బంది పెట్టలేదు. అదీ నీ దయే.

ఇక నీ అసలు మహిమ అరుదైన జబ్బుల మీద నీకున్న మమకారం. పోస్టర్ల హాల్లో అడుగు పెడితే శీర్షికలన్నీ ఒకటే వరస: అరుదైన కేసు, అత్యంత అరుదైన కేసు, అరుదైన చోట పుట్టిన అరుదైన కణితి. ఒకే అరుదైన కణితి పక్కపక్క తెరల మీద వేరువేరు కాలేజీల పేర్లతో వెలిగిపోతుంటుంది. అరుదన్నది ఇంత విరివిగా దొరికే చోటు దేశంలో ఇంకోటి లేదు. రోజూ మా బల్లల మీదికొచ్చే క్షయ గ్రాన్యులోమాలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు, ఇనుము చాలక పాలిపోయిన ఎర్రకణాలు మాత్రం గుమ్మం బయటే ఆగిపోతాయి. ఊరంతటికీ వచ్చే జబ్బుకు పోస్టరెక్కే హోదా ఎక్కడిది?

ఆ హాల్లో నీ న్యాయనిర్ణేత ఒక తెర ముందు ఆగుతారు. కొత్త బ్లేజరులో ఉక్కపోస్తున్న అమ్మాయి ఊపిరి బిగబట్టి కేసు అప్పజెబుతుంది.

“పేషెంటు ఇప్పుడెలా ఉన్నాడమ్మా?”

“మళ్ళీ రాలేదు సార్.”

“అలాగా. ఫోటోలు బాగా వచ్చాయి. నలభై ఎక్స్‌లో తీశావా?”

రోగి ఏమయ్యాడో ఎవరికీ తెలీదు. ఫోటో ఏమైందో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది: దానికి రెండో బహుమతి. శాస్త్రం ఎదుగుతున్నదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

పాతకాలం వాళ్ళకు నీ అండ లేకపోయింది, పాపం. ఇటలీలో, పాడువా నగరంలో మోర్గాని అనే పెద్దాయన దాదాపు 700 శవపరీక్షల వివరాలు పోగేసి, 79వ ఏట, 1761లో గానీ పుస్తకం బయటపెట్టలేదు. రోగం ఒంట్లో ఏ అవయవంలో గూడు కట్టుకుంటుందో లోకానికి చూపించాడట. నువ్వే ఉండుంటే మొదటి శవానికే ఒక ఈ-పోస్టరు పెట్టి, సర్టిఫికెట్టు పుచ్చుకుని, మిగతా 699 మందినీ వాళ్ళ మానాన వదిలేసేవాడు.

మనవాళ్ళలోనూ అలాంటి అమాయకులున్నారు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసరుగా చేసిన వులిమిరి రామలింగస్వామి సంగతే చూడు. ఆయనకు దొరికిన కేసు గాయిటర్. హిమాలయాల అంచున కాంగ్రా లోయలో ఏ ఊరికెళ్ళినా మెడ దగ్గర వాపు కనబడేదే. అందులో అరుదేముంది? అయినా 1956లో పని మొదలెట్టి, లోయను మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో దానికి మామూలు ఉప్పు అందించి, ఏళ్ళ తరబడి కాచుకు కూర్చున్నారు. అయొడిన్ అందిన చోట వాపులు తగ్గాయి, అందని చోట తగ్గలేదు. ఇవాళ దేశంలో ఇంటింటా వంటగదిలో ఉన్న అయొడిన్ ఉప్పు వెనక ఆ లోయ ఉంది. పాథాలజిస్టై ఉండి ఉప్పు పంచడమేమిటి, అదీ పేరులో “అరుదైన” అన్న ముక్క లేకుండా! నీ పోస్టర్ల కమిటీ ముందుకు ఇవాళ వస్తే ఇందులో కొత్తేముందని మర్యాదగా వెనక్కి పంపేది. ఆయన పుణ్యం బాగుండి కాలం ముందే గడిచిపోయింది.

నీ దూరదృష్టి మాటకొస్తే, నీకు దగ్గరవి ఆనవు, దూరానివే కనబడతాయి. పెద్ద హాల్లో కృత్రిమ మేధ స్లైడును చదివేసే తీరు మీద గంట ప్రసంగం నడుస్తుంటుంది. అదే వేళకు ఏదో చిన్న ఆసుపత్రిలో బయాప్సీ ముక్క ఫార్మలిన్ లేక సెలైన్ సీసాలో పడి కుళ్ళుతుంటుంది. ముక్కకు పదింతల ఫార్మలిన్ పోయాలని మొదటి ఏడాది పాఠంలోనే చెబుతాం. కుళ్ళిన ముక్కను మనిషి చదవలేడు, యంత్రమూ చదవలేదు. ఆ విషయం మీద సెషన్ పెట్టకపోవడం నీ ఔచిత్యం. ఫార్మలిన్ చౌక సరుకు, దానికి స్టాలు అద్దెకు తీసుకునేవాడెవడు?

మేమంతా నీ సన్నిధిలో ఉన్నన్నాళ్ళూ అక్కడ కౌంటరు దగ్గర “రిపోర్టుకి సోమవారం రండి” అన్న మాట వినబడుతుంటుంది. రొమ్ములో గడ్డతో ఎదురుచూసే ఆవిడకు ఓపిక అలవాటు చేస్తున్న పుణ్యం కూడా నీ ఖాతాలోదే.

అయితే, తల్లీ, నీలో ఒక్క లోపం చెప్పక తప్పదు. భోజనాలకు వెళ్ళే దారిలో, మూలగదిలో, పదిమంది ఒకేసారి ఒకే స్లైడు చూసే మైక్రోస్కోపు ఒకటి పెట్టిస్తావు. అక్కడ శాలువా లేదు, మైకు లేదు. తలలు పండిన ప్రొఫెసరొకాయన “నాకిది లింఫోమా అనిపించింది” అంటే, జిల్లా ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్ర డాక్టరు “కాదు సార్, ఈ కణాలు చూడండి” అని స్లైడు జరుపుతాడు. ఆయన చూసి, “అవును, నువ్వన్నదే నిజం” అంటాడు. ఊరికెళ్ళాక ఒక రోగి రిపోర్టు మారుతుంది. పరువు గల మహాసభలో ఇలాంటివి జరగొచ్చా? వచ్చే ఏడాదికైనా ఆ గది ఎత్తించి, అక్కడ ఇంకో స్టాలుకు చోటిస్తావని నమ్ముతున్నాం.

ఫలశ్రుతి: ఈ స్తోత్రాన్ని ఆసాంతం చదివినవారికి రెండు క్రెడిట్ గంటలు దక్కుతాయి. హాజరు పట్టీలో సంతకం పెట్టి ఊరు చూడబోయినవారికీ ఆ రెండే దక్కుతాయి.