‘కీయు బాగుగానె’ పద్యానికి టీకా తాత్పర్యం

కీయు బాగుగానె కేశాల చివరల
పచ్చయంచు మిగిలె; బాబు, చూడు;
రాత్రి పదికి మాకు రావలె రెండరు;
చిన్న పనియె గాదె, చేసిపెట్టు!

అవతారిక: నగల దుకాణం ప్రకటన. అక్షయ తృతీయ నెత్తిమీదికొచ్చింది. ఒంటినిండా బంగారం పెట్టుకుని, నీలం పట్టుచీర కట్టి, నాయిక పచ్చ తెర ముందు నిలబడి నవ్వింది. ఆమె వెనక రాజమహలు రావాలి. కంపోజిటరు పచ్చ తీసి, మహలు పెట్టి, పంపి, టీ తాగడానికి లేచాడు. అప్పుడు ఎడిటరు నుంచి వచ్చిన సందేశమే ఈ పద్యం.

ప్రతిపదార్థం: కీయు = పచ్చ తెరను తొలగించిన పనియు; బాగుగానె = బాగానే యున్నది, (అయినను); కేశాల చివరల = వెంట్రుకల కొసలయందు; పచ్చయంచు = ఆకుపచ్చని అంచు; మిగిలె = మిగిలిపోయెను; బాబు = నాయనా (అదనపు పనికి ముందు వచ్చు సంబోధన); చూడు = నేను చూచితిని, ఇక నీవు చూడుము; మాకు = దుకాణం యజమానికి, ఆయన భార్యకు, బావమరిదికి; రాత్రి పదికి = అనగా ఈ రాత్రియే; రెండరు = పూర్తయిన ఫైలు; రావలె = చేరవలెను; చిన్న పనియె గాదె = చేయువాడు వేరొకడు గనుక చిన్నదే కదా; చేసిపెట్టు = చేసి యిమ్ము.

తాత్పర్యం: తప్పు నీది, గడువు నాది.

ఛందస్సు ఆటవెలది. యతి ప్రతి పాదంలోనూ కుదిరింది. మొదటి పాదంలో వ్యాజస్తుతి అలంకారం, అంటే మెచ్చుకుంటున్నట్టు తిట్టడం, అని కొందరు. మాకు మాత్రం అక్కడ అలంకారమేదీ కనిపించదు. ఎడిటరు తనకు తెలియకుండానే నిజం పలికాడు. కీ బాగానే ఉంది. అంచు బాగాలేదు. ఇవి రెండూ వేరువేరు సంగతులు, ఈ పద్యంలోని రహస్యమంతా అక్కడే ఉంది.

కీ అన్నది చేసే పని ఒక్కటే: ఏ పిక్సెలు ఎంతవరకు కనపడాలో తేల్చడం. ఉంచవలసింది తెలుపు, తీయవలసింది నలుపు, నడిమివి బూడిద. ఈ నలుపు తెలుపుల బొమ్మే మ్యాట్. వెంట్రుక కొస పిక్సెలు కంటే సన్నం. ఆ ఒక్క పిక్సెలులో సగం జుట్టు, సగం తెర. కాబట్టి అక్కడ మ్యాట్ బూడిదగా ఉండటం తప్పు కాదు, అదే సరైనది. తప్పల్లా రంగులో ఉంది: ఆ పిక్సెలు పారదర్శకమైనా తెర పచ్చదనాన్ని ఇంకా మోస్తోంది. దానికి తోడు తెర మీంచి ఎగిరొచ్చిన వెలుగు, అంటే స్పిల్. పచ్చ షామియానా కింద కూర్చున్న పెళ్లివారి మొహాలు చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. రంగులో ఉన్న జబ్బుకు మ్యాట్‌కు మందు వేస్తారు. కీ తీసే కీలైట్ అనే సాధనంలో క్లిప్ బ్లాక్ పెంచుతారు, క్లిప్ వైట్ తగ్గిస్తారు, అప్పటికీ తృప్తి లేక మ్యాట్‌ను రెండు పిక్సెళ్లు లోపలికి కుదిస్తారు. పచ్చ పోతుంది, నిజమే. జుట్టూ పోతుంది. నాయిక హెల్మెట్ పెట్టుకుని మహల్లో నిలబడ్డట్టు వస్తుంది. అది చూసి ఎడిటరు మరో పద్యం రాస్తాడు, అది అచ్చు వేయదగినది కాదు.

పూర్వులు ఈ చిక్కును ఫిల్ము రోజుల్లోనే విప్పారు. 1959లో వచ్చిన ‘బెన్‌హర్’ కోసం పెట్రో వ్లాహోస్ రూపొందించిన కలర్ డిఫరెన్స్ పద్ధతి నీలం తెరకు చెప్పినది. దాన్ని పచ్చకు అన్వయించుకుంటే సూత్రం ఇంతే: ఆకుపచ్చ తన పక్కవాళ్ల హద్దు దాటకూడదు. ఎరుపు, నీలాల సగటు ఎంతో పచ్చ అంతకు మించితే ఆ మించినది కోసెయ్యి. నల్లని జుట్టులో పచ్చ ఎప్పుడూ మించదు గనుక పోయేది తెర రంగే. స్పిల్ తీయడమంటే ఇదే.

ఇంతటితో గ్రంథం ముగియవలసింది. కానీ పద్యంలో పేరెత్తని బంగారం అడ్డం వచ్చింది. పసుపంటే తెర మీద ఎరుపూ ఆకుపచ్చా కలిసినదే. కాసులపేరులో ఒక పిక్సెలు ఎరుపు 200, పచ్చ 160, నీలం 60 అనుకోండి. సగటు 130. సూత్రం ప్రకారం పచ్చను 160 నుంచి 130కి దించితే బంగారం రాగిలోకి దిగుతుంది. 22 క్యారెట్ల సరుకును రాగిలా చూపిస్తే దుకాణం వారు ఊరుకోరు. సగటుకు బదులు ఎరుపు, నీలాల్లో పెద్దదాన్ని హద్దుగా పెడితే 160 అన్నది 200 దాటలేదు, నగ బతికింది. అయితే ఆ ఉదారమైన హద్దు కింద జుట్టులో లేతపచ్చ కూడా బతికిపోతుంది. అందుచేత జుట్టు అంచుకొక మాస్కు, అక్కడ సగటు హద్దు. నగలకు పెద్ద హద్దు. జడలో చామంతులుంటే వాటికి మళ్లీ విడిగా. వడ్డాణం సంగతి మరీ దారుణం. మెరుగు పెట్టిన బంగారం అద్దమే గనుక అందులో తెరే ప్రతిఫలిస్తుంది, కీ దాన్ని నిజం తెర అనుకుని నడుముకు చిల్లు పెడుతుంది. అక్కడ సూత్రాలు పనిచేయవు. లోపలి భాగానికి ఫ్రేము ఫ్రేముకూ చేత్తో హద్దు (రోటో) గీసి చిల్లు పూడ్చడమే.

శంక: అలాగైతే నీలం తెరే కట్టవచ్చు గదా? బంగారంలో నీలం తక్కువ.
సమాధానం: చీర చూడలేదా? పైగా నేటి కెమెరా సెన్సార్లు చాలావరకు 1976లో పేటెంటైన బేయర్ అమరికవే. అందులో ప్రతి నాలుగు గళ్లలో రెండు పచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. పచ్చ శుభ్రంగా వస్తుంది, నీలంలో గరుకు ఎక్కువ.

మరొక శంక: అంచు మెట్లుమెట్లుగా ఉన్నదేమి?
సమాధానం: ఫైలు 4:2:0. వెలుగు ప్రతి పిక్సెలుకూ ఉంది, రంగు నాలుగింటికి ఒకటి. దాచని రంగును ఎవరూ తేలేరు.

‘చిన్న పనియె’ అన్నచోట ‘చివరి పనియె’ అని పాఠాంతరం. ఛందస్సు రెండింటినీ ఒప్పుకుంటుంది. అనుభవం రెండోదాన్ని ఒప్పుకోదు.

ఇక ‘రాత్రి పదికి’. ప్రకటన 30 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు, వెరసి 750. ఫ్రేముకు 12 సెకన్లు పడితే 9,000 సెకన్లు, రెండున్నర గంటలు. కనుక పద్యంలోని పదిని పండితులు ఏడున్నర అని చదువుకోవాలి. రెండరును ఒకే వీడియోగా కాక ఫ్రేముకొక బొమ్మగా తీయాలన్నది పెద్దల మాట. 600వ ఫ్రేము దగ్గర కరెంటు పోయినా 599 చేతిలో ఉంటాయి. రసం విషయంలో చెప్పేవాడిది శాంతం, వినేవాడిది రౌద్రం, కరెంటు పోయిన క్షణంలో ఇద్దరిదీ కరుణ.

‘చేసిపెట్టు’ అన్న క్రియకు కర్త కంపోజిటరు, ఫలం దుకాణం వారిది. మరి పారితోషికం మాటేమిటని శిష్యులు అడుగుతారు. మన కొలిచెలమ మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మేమూ ఆ దారివాళ్లమే. మూలంలో ఆ ప్రస్తావన లేదు.