భద్రత చూసి కెమెరా సంచి కొనకండి

మొదటి డీఎస్ఎల్ఆర్ కొనబోతున్నవాళ్ళకి నేను చెప్పే సలహాలు కొట్టువాళ్ళకి నచ్చవు. ఇంట్లో పెద్దవాళ్ళయితే కంగారుపడతారు. అయినా చెబుతాను. కెమెరా కంటే ముందు సంచి కొనండి. అది కూడా కెమెరాని భద్రంగా దాచిపెట్టే సంచి కాదు, అడగ్గానే చేతికిచ్చే సంచి. మెత్తలు తక్కువగా ఉండాలి, చిన్నదై ఉండాలి, చూడ్డానికి నాసిగా ఉంటే మరీ మంచిది. మన మండపేటలో, ఆ మాటకొస్తే గోదావరి డెల్టా అంతటా, కెమెరా దెబ్బ తగిలి పాడవడం తక్కువ, చెమ్మ పట్టి పాడవడం ఎక్కువ. అంతకంటే ఎక్కువగా, అసలు సంచిలోంచి బయటికే రాక పాడవుతుంది.

ముందు సంచి ఎందుకంటే, బరువు సంగతి తేలాలి. కేనన్ 1500డి బాడీ బ్యాటరీతో కలిపి 475 గ్రాములు. దాంతోపాటు వచ్చే 18-55 లెన్సు 200 గ్రాముల దాకా ఉంటుంది. తర్వాత చాలామంది కొనే 55-250 ఇంకో 375. మొత్తం కేజీ దాటింది. కేజీయే కదా అనిపిస్తుంది. అందుకే ఖాళీ సంచిలో కేజీ బియ్యం ప్యాకెట్టు వేసుకుని ఒక వారం తిరగండి. మండపేటలో బియ్యానికి కొదవా! సంచి భుజాన ఉండగానే కలువపువ్వు సెంటర్‌లో బస్సెక్కండి, నిలబడి రాజమండ్రి వెళ్ళి రండి, కూరలు బేరమాడండి, ద్రాక్షారామంలో ప్రదక్షిణలు చేయండి. వారం తిరిగేసరికి సంచి ఇంట్లో వదిలేసి బయల్దేరుతున్నారంటే రేపు కెమెరానీ అలాగే వదిలేస్తారు. అప్పుడు సంచి మార్చండి, లేదా ఇంకా తేలికైన కెమెరా చూడండి. ఈ సంగతి కెమెరా కొన్నాక కాదు, బియ్యం దగ్గరే తెలియాలి.

ఆ వారంలోనే పట్టీ సంగతి కూడా బయటపడుతుంది. పట్టీ సంచిని కలిసేచోట వేలితో తడిమి చూడండి. చాలా సంచుల్లో పట్టీ కొసని పక్క కుట్టులోకి దూర్చి, ఒక్క వరస కుట్టి వదిలేస్తారు. మంచి సంచిలో పట్టీ గుడ్డ మీదికి రెండు మూడు అంగుళాలు దిగి, చుట్టూ చతురస్రంగా, మధ్యలో అడ్డంగా రెండు గీతలు దాటుకునేలా కుట్టు ఉంటుంది. మిగతావన్నీ నచ్చి ఇది ఒక్కటే బలహీనంగా ఉంటే సంచి వదులుకోకండి. బ్యాగులు, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి మందపు నైలాను దారంతో కుట్టించండి. పట్టీ కొక్కెం ప్లాస్టిక్‌దైతే అదీ మార్పించండి. లోహపు కొక్కెమే కావాలి.

కొట్లో ఎలాగూ ఒక మాట అంటారు: "రేపు ఇంకో రెండు లెన్సులు కొంటారు కదండీ, పెద్దది తీస్కోండి." ఎదిగే పిల్లాడికి యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు కెమెరాకి సంచి కొనకూడదు. ఖాళీ ఉన్న చోట కెమెరా దొర్లుతుంది. అది దొర్లకుండా ఖాళీలో ఏదో ఒకటి కూరుతాం. ఛార్జరు, పవర్ బ్యాంకు, నీళ్ళ సీసా, గొడుగు. నీళ్ళ సీసా మూత ఎప్పుడు వదులవుతుందో ఎవరికి తెలుసు! తాపేశ్వరం వెళ్ళినప్పుడు మడత కాజా పొట్లం కూడా అందులోకే చేరుతుంది. కాజా గొప్పతనం పాకంలో ఉంది, కెమెరాకి ప్రమాదమూ ఆ పాకంలోనే ఉంది. ఒక కెమెరా, దానికి తగిలించిన ఒక లెన్సు, ఒక అదనపు బ్యాటరీ, ఒక గుడ్డ ముక్క పట్టే సంచి చాలు. రెండో లెన్సు కొన్నరోజున కూడా ఇదే సంచి మోయండి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఏ లెన్సుతో వెళ్ళాలో తేల్చుకోవాల్సి వస్తుంది, ఫోటోలు బాగుపడేది అక్కడే. పైగా మనది మిల్లుల ఊరు. ఊక కాల్చే బాయిలర్ల బూడిద, తవుడు దుమ్ము గాలిలో తిరుగుతుంటాయి. రోడ్డు మీద నిలబడి లెన్సు మార్చారంటే ఆ దుమ్ము సెన్సారు మీద కూర్చుంటుంది. రెండో లెన్సు ఇంట్లో ఉంటే ఆ పని చేయాలన్న బుద్ధే పుట్టదు.

ఇక మెత్తలు. మందంగా స్పాంజి కుట్టిన సంచిని ముచ్చటపడి కొనేస్తారు. అది మీ నడుముని అంటుకుని ఉండదు, దూరంగా పొడుచుకొస్తుంది. దాంతో బస్సు కడ్డీకీ, గుమ్మానికీ, పక్కవాళ్ళ మోచేతికీ తగులుతూనే ఉంటుంది. పల్చటి సంచి ఒంటికి హత్తుకుని ఉంటుంది కాబట్టి ఆ దెబ్బలే ఉండవు. 1970ల్లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫోటోగ్రాఫర్ జిమ్ డోమ్కే అప్పటి గట్టి కెమెరా పెట్టెలతో వేగలేక, నూలు కాన్వాసుతో మెత్తటి భుజం సంచి తయారుచేసుకున్నాడు. లోపల మెత్తలు నామమాత్రం. తర్వాత ఎందరో పత్రికా ఫోటోగ్రాఫర్లు ఆ సంచుల్నే మోశారు. రోజంతా కెమెరాతో బతికేవాళ్ళు ఎంచుకున్నది అదీ.

కొట్లో ఒక పరీక్ష పెట్టండి. సంచి భుజాన వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క చేత్తో కెమెరా బయటికి తీయండి. కొన్ని సంచుల్లో ముందు జిప్పు, దాని కింద ఇంకో మూత, ఆ మూతకి వెల్క్రో, లోపల కెమెరా మీద ఇంకో మెత్త. ఇన్ని దాటేలోపు కాలవ గట్టు మీది కొంగ ఎగిరిపోతుంది. కొంగని నిజంగా లేపేది ఆ వెల్క్రో చప్పుడే. గుళ్ళో హారతి వేళ ఆ చప్పుడుకి పదిమంది తిరిగి చూస్తారు. ఒకే జిప్పు, లేదా జిప్పే లేని మూత ఉన్నది తీసుకోండి. నడిచేటప్పుడు జిప్పు వేయకుండా మూత మాత్రం కప్పి ఉంచండి. కింద పడిపోతుందేమోనన్న భయం ఉంటే కెమెరా పట్టీని మణికట్టుకి చుట్టుకోండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. కెమెరా సంచి కెమెరా ఉండే ఇల్లు కాదు. ఇంటికి రాగానే కెమెరాని సంచిలోంచి తీసేయండి. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే లెన్సు అద్దం మీద బూజు పెరగడానికి అది చాలు. జూన్ నుంచి నవంబరు దాకా డెల్టాలో గాలి ఆ గీతకి పైనే ఉంటుంది. ఒక పక్క పంట కాలవలు, ఇంకో పక్క నీళ్ళు నిలిచిన చేలు, ఆపైన తుపాన్లు. బూజుకి కావలసినవి చెమ్మ, చీకటి, కదలని గాలి. మూసిన సంచిలో మూడూ ఉంటాయి. స్పాంజి చెమ్మని పీల్చుకుని వారాల తరబడి వదలదు. ఎంత ఖరీదైన సంచి అయితే అంత దళసరి స్పాంజి. అంటే ఎక్కువ డబ్బు పోసి బూజుకి మంచి పరుపు వేస్తున్నామన్నమాట. కొన్నాళ్ళకి లెన్సులోకి టార్చి వేసి చూస్తే సన్నటి తెల్లటి దారాలు అల్లుకుని కనిపిస్తాయి. పైపైన ఉంటే తుడిపించవచ్చు గానీ, అద్దం మీది పూతని తినేసిందంటే ఆ మచ్చ పోదు.

మరి ఎక్కడ పెట్టాలి? గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ శాతం చూపించే చిన్న మీటరు. ఇంతే. ముల్లు 40, 50 మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారేది కొనండి, లేకపోతే అది నిండిపోయిందో లేదో తెలియదు. నీలం రంగుదాంట్లో కోబాల్టు క్లోరైడు ఉంటుంది, అది విషం. కాషాయం రంగుది తీసుకోండి. రంగు మారగానే వేడిచేసి చెమ్మ పోగొట్టి మళ్ళీ వాడుకోవచ్చు. సంచిలో ఒక చిన్న సిలికా పొట్లం పడేసి నిశ్చింతగా ఉండేవాళ్ళు ఉన్నారు. జిప్పు సందుల్లోంచి వచ్చే గాలికి ఆ పొట్లం ఒకటి రెండు రోజుల్లో నిండిపోతుంది, తర్వాత అది ఉత్త గులకరాళ్ళ పొట్లం.

తడిసిన కెమెరాని బియ్యంలో పాతిపెట్టమని మన ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకరు చెబుతారు. బియ్యం మీద నాకూ గౌరవమే. కానీ కెమెరా లోపలి నీటిని లాగే శక్తి వాటికి లేదు. గంజిపొడి, తవుడు మాత్రం బటన్ల సందుల్లోకి, లెన్సు కదిలేచోటికి చేరతాయి. బ్యాటరీ, కార్డు తీసేసి, పొడి గుడ్డతో అద్ది, ఫ్యాను కింద వదిలేయండి.

వాటర్‌ప్రూఫ్ అని రాసిన సంచి కొనకండి. గుడ్డ తడవకపోయినా జిప్పులోంచి, కుట్టు రంధ్రాల్లోంచి నీళ్ళు దిగుతాయి. నిజంగా నీళ్ళు దిగని సంచి అయితే ఇంకో చిక్కు. లోపలికి ఒకసారి చేరిన చెమ్మ బయటికి పోదు. తడిచేతుల్తో కెమెరా లోపల పెట్టి మూస్తే చాలు, అక్కడే ఉడుకుతుంది. ఇంకా ఒకటుంది. ఆ సంచుల లోపలివైపు పూసే పాలీయురేథేన్ పూత మన ఉక్కలో కొన్నేళ్ళకి జిగురెక్కి, పొలుసులుగా రాలుతుంది. ఆ పొలుసులు పడేది కెమెరా మీదే. మామూలు దళసరి కాన్వాసు సంచి కొని, అడుగున రెండు మందపాటి పాలిథిన్ కవర్లు మడిచి పెట్టుకోండి. ఒకటి కెమెరాకి, ఇంకోటి సంచికి. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం పంటు ఎక్కేటప్పుడు కెమెరాని కవర్లో వేసి, మూతి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. ఒడ్డు చేరగానే విప్పేయండి. వానలో తడిసిన సంచిని ఖాళీ చేసి, తిరగేసి, మధ్యాహ్నపు ఎండలో ఆరేయండి.

సంచిని మూసి ఉంచమని నేను చెప్పేది ఒకే ఒక్క సందర్భంలో. ఏసీ గదిలోంచి కెమెరాని బయటి ఉక్కలోకి తెస్తే చల్లటి అద్దం మీద చెమ్మ కమ్ముకుంటుంది. కల్యాణ మండపం లోపలి నుంచి బయట పందిట్లోకి వచ్చే ప్రతి ఫోటోగ్రాఫరూ చూసేదే ఇది. ముందే సంచి గట్టిగా మూసి బయటికి తెచ్చి, అరగంట ఆగి తెరవండి.

ఇక అందం. కెమెరా కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న సంచి, ముఖ్యంగా కెమెరాతోపాటు ఉచితంగా ఇచ్చేది, ఇంట్లో ఛార్జర్లు దాచుకోవడానికి వాడండి. ఆ పేరు దొంగకీ పనికొస్తుంది, అంతకంటే ముందు మనుషుల్ని మారుస్తుంది. చేలో నాట్లు వేస్తున్నవాళ్ళు దాన్ని చూడగానే పని ఆపి కొంగు సర్దుకుని నిలబడతారు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్తియే-బ్రెసాఁ తన లైకా కెమెరా మెరుపు కనిపించకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. మనం సంచి విషయంలో ఆ పాటి జాగ్రత్త పడలేమా! కూరల సంచిలా ఉన్న సంచిని ఎవరూ రెండోసారి చూడరు. మనుషులు తమ పనిలో తాముంటారు, మన ఫోటో మనకి దొరుకుతుంది.

నన్నడిగితే సంచి కొనడం కంటే కుట్టించుకోవడం మేలు. కొనబోయే కెమెరాని కొట్లోనే లెన్సుతో సహా, లెన్సు కిందికి ఉండేలా పెట్టి కొలవండి. 1500డికి 18-55 తగిలిస్తే దాదాపు 13 సెంటీమీటర్ల వెడల్పు, 10 మందం, 14 దాకా ఎత్తు వస్తుంది. ప్రతి వైపూ ఒక సెంటీమీటరు వదులు కలిపి, పైన తెరిచి ఉండే చిన్న గూడు కుట్టించండి. పరుపుల్లో వాడే స్పాంజి వద్దు, అది నీళ్ళు పీల్చి పొడిపొడి అవుతుంది. చెప్పుల అడుగులకి వాడే ఈవీఏ ఫోము సెంటీమీటరు మందంది చాలు, అది నీటిని పీల్చదు. లోపల వెలిసిన నూలుచీర ముక్క వేయించండి, అద్దానికి గీతలు పడవు. ఈ గూడుని ఏ చేతిసంచిలోనైనా దింపుకోవచ్చు.

పాత కెమెరా కొంటున్నారా? కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు వెళ్ళాక పెళ్ళి ఫోటోగ్రాఫర్లు డీఎస్ఎల్ఆర్లు అమ్మేస్తున్నారు, మంచి బేరమే. దాంతో వచ్చే సంచి మాత్రం తీసుకోకండి. ఇస్తామంటే ముందు ముక్కు లోపల పెట్టి వాసన చూడండి. ముక్కిన బియ్యం వాసన వస్తే లెన్సుని కూడా టార్చి వేసి రెండుసార్లు చూడండి.

బండి మీద వెళ్ళేటప్పుడు సంచిని ట్యాంకు మీద గానీ, స్కూటరు ముందు కొక్కేనికి గానీ పెట్టకండి. ఇంజను అదురు నేరుగా దానికి చేరుతుంది. లెన్సుల్లో చేతి వణుకుని సరిదిద్దే భాగం చాలా సున్నితం. మోటారు సైకిలు అదురు ఫోను కెమెరాలను సైతం పాడుచేయవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. సంచిని ఒంటికే తగిలించుకోండి, మీ ఒళ్ళే ఆ అదురుని ఆపుతుంది.

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేవాళ్ళకి ఇంకొంచెం. 11 మంది రుద్రుల ప్రభలు వచ్చే చోటది, 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నిలిచిందీ ఈ తీర్థమే. ప్రభని భుజాల మీద ఎత్తుకుని పచ్చటి చేలలోంచి, కౌశిక నీళ్ళు దాటించే క్షణం కోసమే అందరూ ఎదురుచూస్తారు. ఆ జనంలో సంచి వెనక్కి వేలాడకూడదు. పట్టీ పొట్టి చేసి, పొట్ట మీదికి తెచ్చుకుని, మూత మీ ఒంటివైపు తెరుచుకునేలా తిప్పుకోండి. ప్రభ నీళ్ళలోకి దిగకముందే కెమెరా మెడలో ఉండాలి, సంచి ఖాళీగా ఉండాలి. మూత లోపలివైపు చెరగని ఇంకుతో మీ ఫోను నంబరు రాసుకుని బయల్దేరండి.