గద్వాలలో గోల్ఫ్ ఆడగలరా?

ముప్పై ఏండ్లు దాటిన పాలమూరోళ్ల జబ్బలకు ఇప్పుడు మంచి గిరాకీ. ఒకప్పుడు ఎంత మట్టి మోస్తాయోనని గుంపు మేస్త్రీ చూసేవాడు. ఇప్పుడు పట్టీ చుట్టి మిషన్ నొక్కడానికి ఆశా అక్క చూస్తోంది. అంకె పోర్టల్లోకి ఎక్కుతుంది. 140/90 లోపు వచ్చిందా, అదుపులో ఉన్నట్టు. రక్తపోటు కాదు, మనిషే.

2016 అక్టోబరులో పాలమూరు చీలి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాలకు మెడికల్ కాలేజీలొచ్చాయి. కాలేజీ వచ్చాక సర్వే రాక తప్పదు. బీపీ రోగుల జీవన నాణ్యత ఏండ్లు గడిచేకొద్దీ ఎట్లా మారుతుందో తేలుస్తామంటే ఎవరు వద్దంటారు? అంకె దిగినంత మాత్రాన బతుకు తెరిపిన పడదని గుర్తించడమే గొప్ప. చిక్కంతా కొలబద్దతోనే.

ఎస్ఎఫ్-36 అని అమెరికాలో పుట్టి ప్రపంచమంతా తిరుగుతున్న ప్రశ్నావళి ఒకటుంది. బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, బౌలింగ్, గోల్ఫ్... వీటికి మీ ఆరోగ్యం అడ్డొస్తోందా అని అడుగుతుంది. దాన్ని పట్టుకుని అయిజ దిక్కు సీడ్ పత్తి చేలోకి పోండి. పొద్దున్నుంచి ఒక్కో పువ్వుకూ పుప్పొడి రుద్దుతూ క్రాసింగ్ చేస్తున్న ఆమెను అడగండి. "గోల్ఫుకేం అడ్డం లేదు సారూ" అంటుంది. నూటికి నూరు మార్కులు వేసుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిది కాస్త నయం, 26 ప్రశ్నలే. అవసరాలకు డబ్బు సరిపోతోందా, ప్రయాణ సౌకర్యం ఎట్లుంది అని అడుగుతారు. దాంపత్య సుఖం తృప్తిగా ఉందా అనీ అడుగుతారు. కొల్లాపూర్ దిక్కు ఓ అరవై ఏండ్ల అవ్వను ఆశా అక్క ఆ మాట అడగాలి! చేతికందిన చీపురుకట్టను ప్రశ్నావళిలో ఏ గడిలో రాయాలో కూడా చెబితే బాగుండు.

అసలు ఎవరిని అడగాలన్నదే పెద్ద పేచీ. 1982లో బ్రిటన్‌లో 75 మంది బీపీ రోగుల గురించి మూడు దిక్కులా వాకబు చేశారు. అందరూ బాగుపడ్డారన్నారు డాక్టర్లు. బాగుపడ్డామన్నవాళ్లు రోగుల్లో సగం మంది. ఇంట్లోవాళ్లు మాత్రం దాదాపు అందరూ "మునుపటికన్నా అధ్వానం" అన్నారు. గోలీ వేసుకున్నవాడి చిరాకూ నీరసమూ పడేది వాళ్లే మరి. మన దగ్గర ఆ బాధ లేదు. ఇంట్లోవాళ్లను అడుగుదామంటే కొడుకు పుణెలో, కోడలు హైదరాబాద్ అడ్డా మీద. సాక్షి ఊళ్లో లేడు కాబట్టి కేసు కొట్టేసినట్టే.

రోగే వలస పోతే? మూడు నెలలు గోలీలకు రాకపోతే తప్పిపోయిన విజిట్. ఏడాది రాకపోతే జాడ లేని రోగి. వాన పడక, అప్పు తీరక, నడుములు విరిగే పనికి ముంబై పోయినవాడి జీవన నాణ్యత అధ్వానంగా ఉన్నందుకే వాడు లెక్కలోంచి జారిపోతాడు. మిగిలినవాళ్ల సగటు లేస్తుంది. బతుకు చెడ్డవాళ్లు ఎంత త్వరగా ఊరు విడిస్తే రిపోర్టు అంత అందంగా వస్తుంది. కలెక్టరేట్ తెరమీద గీత పైకి పోతుంటే సార్లు చప్పట్లు కొడతారు.

మధ్యలో ఆశా అక్క. 18,000 రూపాయల స్థిర వేతనం ఇమ్మని రోడ్డెక్కే ఆమె బీపీ ఏ గ్రాఫులో ఉందో అడిగినవాడు లేడు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ఇంటింటికీ చెప్పాల్సింది ఆమే. ఉప్పూ కారమే కూరైన ఇంట్లో ఆ మాట ఎట్లా చెప్పాలో ఏ ట్రైనింగూ నేర్పదు.

సర్వే చేస్తామంటే చేయండి. గోల్ఫు కొట్టేసి అక్కడ రెండు మన ప్రశ్నలు రాసుకోండి. ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాచినా కూలికి పోతున్నావా? ఒంట్లో నీరు లాగే గోలీ వేసుకుని పోతే, పని కాడ ఆడమనిషి నాలుగుసార్లు కూర్చోవడానికి చాటుందా, లేక పనికి పోయే రోజు ఆ గోలీ గూట్లోనే ఉంటుందా?